ఆ కాగితంలో ఆమెకూ ఒక వరుస ఇవ్వండి

దేశదేశాల ఆహార, వ్యవసాయ, ఆరోగ్య శాఖల పెద్దలకు, తర్వాతి మహమ్మారి కోసం ప్రణాళికలు రాస్తున్న కమిటీల సభ్యులకు,

నమస్కారం.

2020 లాక్‌డౌన్ రోజుల్లో నేను సహాయ జాబితాలు రాసే బల్ల దగ్గర కూర్చున్నాను. ఇంటికో వరుస. వరుసకి ఐదు గడులు: కుటుంబ పెద్ద పేరు, వృత్తి, ఇంట్లో ఎంతమంది, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా. అవి నింపి పైకి పంపితే అక్కడి నుంచి సరుకులో, డబ్బో వచ్చేవి.

ఒకరోజు ఒకావిడ వచ్చింది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంది. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగితే "కూరగాయల బేరం" అంది. పద్దెనిమిదేళ్లుగా తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్‌కి పోయి, అప్పు తెచ్చిన డబ్బుతో సరుకు ఎత్తుకుని, మధ్యాహ్నం దాకా అమ్మి, సాయంత్రానికి ఆ అప్పు వడ్డీతో సహా కట్టేసే మనిషి. నేను మళ్లీ అడిగాను, "మీ ఆయన ఏం చేస్తారు?" గోడౌన్‌లో మూటలు మోస్తాడని చెప్పింది. మొదటి గడిలో ఆయన పేరు రాశాను. రెండో గడిలో 'హమాలీ' అని రాశాను. మూడో గడిలో 'ఐదుగురు' అని రాశాను. ఆ ఐదుగురిలో ఆవిడ ఒకరు.

"నా పని రాయలేదేం బాబూ?"

"ఇంటికి ఒకటే గడి ఉందమ్మా."

ఇంకేం అనలేదు. కాగితం వైపు కాసేపు చూసి వెళ్లిపోయింది.

రెండు వారాల తర్వాత ధాన్యం రవాణా అత్యవసరం అని చెప్పి గోడౌన్ తెరిచారు. మార్కెట్ గేటు తాళం మాత్రం తియ్యలేదు. రెండో విడత జాబితా తయారయ్యేటప్పుడు, ఇంటి పెద్దకి పని దొరికింది కాబట్టి ఆ వరుస కొట్టెయ్యమన్నారు. కొట్టేసింది నేనే. ఆ ఇంటికి అసలు రోజువారీ నగదు తెచ్చేది ఆవిడ బేరమే. గోడౌన్ కూలీ వారానికోసారి వస్తుంది, అందులో సగం పాత బాకీలకే పోతుంది. ఆ సంగతి రాయడానికి నా కాగితంలో చోటు లేదు.

ఆయన పరిస్థితి బాగుందని నేను అనడం లేదు. గోడౌన్‌లో ముప్పై మంది ఒకరి భుజం ఒకరికి తగిలేలా మూటలు ఎత్తేవారు. ఒకటే కుళాయి. బస్సులు లేవు కాబట్టి చాలామంది రాత్రి అక్కడే మూటల మీద పడుకునేవారు. జ్వరం వచ్చినా బయటికి చెప్పేవారు కాదు. చెబితే ఆ రోజు కూలి పోతుంది, పైగా మిగతా వాళ్లనీ పరీక్షలకి పంపిస్తారు. ఆయనకీ జ్వరం వచ్చింది, చెప్పలేదు. ఆయన్ని రోగానికి ఎదురుగా నిలబెట్టాం. ఆమెని ఆకలికి ఎదురుగా నిలబెట్టాం. ఒకే ఇంటికి రెండు రకాల దెబ్బలు తగిలాయి. మా జాబితా ఈ రెండింటిలో ఏదీ చూడలేదు.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2025 మే 20న మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. దేశాలు తమ తమ సన్నద్ధత ప్రణాళికలను మళ్లీ తిరగరాసుకుంటున్న కాలం ఇది. టీకాల గురించి, పరీక్షల గురించి, వైరస్ నమూనాలు పంచుకోవడం గురించి ఎంతో మాట్లాడుతున్నారు. మాట్లాడాలి కూడా. కానీ తిండి తయారుచేసి మన కంచం దాకా చేర్చే మనుషుల గురించి రాసేటప్పుడు 'ఆహార సరఫరాకు అంతరాయం లేకుండా చూడాలి' అని ఒక వాక్యంతో సరిపెడతారేమో అని నా భయం. ఆ సరఫరా గొలుసులో ఆడవాళ్లు ఎక్కడ నిలబడ్డారు, మగవాళ్లు ఎక్కడ నిలబడ్డారు అని చూడకుండా రాసిన ప్రణాళిక ఇద్దరికీ పనికి రాదు.

ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023లో ఈ విషయం మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో పనిచేసే మహిళల్లో 36 శాతం, పనిచేసే పురుషుల్లో 38 శాతం ఆహార వ్యవస్థల్లోనే ఉన్నారని అందులో ఉంది. అంటే దాదాపు సమానం. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. పొలం దాటిన తర్వాత జరిగే పనుల్లో, అంటే గ్రేడింగ్, ప్యాకింగ్, ప్రాసెసింగ్, రవాణా, అమ్మకం లాంటి వాటిలో, కోవిడ్ మొదటి ఏడాది 22 శాతం మహిళలు పని పోగొట్టుకున్నారు. పురుషుల్లో పని పోయినవాళ్లు 2 శాతం. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకుని వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను. అచ్చుతప్పు కాదు.

ఇంత తేడా ఎందుకొచ్చిందో మార్కెట్‌లో నాలుగు రోజులు తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆడవాళ్ల చేతిలో ఉండేది ఎక్కువగా పాడైపోయే సరుకు. కూరగాయలు, పళ్లు, పాలు, చేపలు, వండిన తిండి. ఒక్కరోజు అమ్మకం ఆగితే సరుకుతో పాటు పెట్టుబడీ కుళ్లిపోతుంది. ధాన్యం మూట నెల తర్వాత కూడా ధాన్యమే. లారీలు, గోడౌన్లు, టోకు వ్యాపారం మగవాళ్ల చేతుల్లో ఉంటాయి. ప్రభుత్వాలు 'అత్యవసర సేవ' అని పాస్ ఇచ్చింది వీటికే. వీధిలో బుట్ట దించుకుని అమ్మే మనిషికి పాస్ ఎవరిస్తారు? షాపు లేదు, లైసెన్సు లేదు, సంఘం లేదు. పెద్ద దుకాణాలు తలుపులు తెరుచుకుని క్యూలు పెట్టుకుంటే, ఆరుబయట గాలి ఆడే సంతలని మూసేశారు. గాలి ఆడే చోటు కన్నా నాలుగు గోడల మధ్యే వైరస్ ఎక్కువ అంటుకుంటుందని తర్వాత అందరికీ తెలిసింది. తెలిసేసరికి ఆ ఆడవాళ్ల పెట్టుబడి అయిపోయింది.

పెట్టుబడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పై స్థాయిలో కూర్చున్నవాళ్లకి అది కనిపించదు. చిన్న బేరం చేసే మనిషికి ఇంటి ఖర్చు, వ్యాపారం డబ్బు వేరువేరు డబ్బాల్లో ఉండవు. బేరం ఆగిన మొదటి వారం పొదుపు తింటారు. రెండో వారం వ్యాపారం డబ్బు తింటారు. మూడో వారం అప్పు. పొదుపు సంఘంలో ఏమైనా దొరుకుతుందా అంటే, గుంపుగా కలవకూడదని ఆ సమావేశాలే ఆపేశారు. అందరికీ ఒకేసారి డబ్బు కావలసివచ్చినప్పుడు సంఘం పెట్టె ఎలాగూ ఖాళీ అవుతుంది. మార్కెట్ తెరిచే రోజుకి ఆమె దగ్గర చోటు ఉంటుంది, అలవాటైన గిరాకీ ఉంటుంది, మొదటి బుట్ట సరుకు కొనే డబ్బు ఉండదు. మీ లెక్కల్లో మాత్రం 'మార్కెట్లు పునఃప్రారంభం' అని పడుతుంది.

ఇదేమీ కోవిడ్‌తో కొత్తగా వచ్చింది కాదు. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు సంతలు మూసేశారు, సరిహద్దులు మూసేశారు. లైబీరియాలో చిన్న వ్యాపారాలు, సరిహద్దు దాటి సరుకు తెచ్చి అమ్మడం ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు. ముందుగా జీవనాధారం పోయింది వాళ్లకే. అప్పుడు నేర్చుకోవలసిన పాఠం ఆరేళ్ల తర్వాత ప్రపంచమంతా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. మళ్లీ ఇప్పుడు మరిచిపోతున్నామేమో అని నాకు టెన్షన్‌గా ఉంది.

మగవాళ్ల వైపు కూడా చూడండి. కోవిడ్‌తో ఆడవాళ్ల కన్నా మగవాళ్లే ఎక్కువగా చనిపోయారు. శరీర తత్వం ఒక కారణం అంటారు. వాళ్లు నిలబడిన చోటు కూడా ఒక కారణమే. అమెరికాలో 2020 ఏప్రిల్, మే నెలల్లో మాంసం ప్రాసెసింగ్ కర్మాగారాల లెక్క తీస్తే, 23 రాష్ట్రాల్లో 239 కర్మాగారాల్లో 16,233 మందికి కోవిడ్ వచ్చింది, 86 మంది చనిపోయారు. అక్కడ పని ఎలా ఉంటుందంటే, మాంసం వేలాడుతూ కదిలే గొలుసు ముందు ఆడామగా పక్కపక్కనే కత్తులు పట్టుకుని నిలబడతారు. యంత్రాల హోరులో మాట వినబడదు, పక్కవాడి చెవి దగ్గరికి వెళ్లి అరవాలి. గది అంతా చలి, అదే గాలి తిరుగుతూ ఉంటుంది. ఒకే వ్యానులో వస్తారు, చాలామంది ఒకే గదిలో ఉంటారు. సెలవు పెడితే జీతం లేదు. ఇలాంటి చోట చేతులు కడుక్కోమని పోస్టర్ అంటిస్తే ఏం లాభం?

ఓడల మీద పనిచేసేవాళ్లు ఇంకో రకంగా ఇరుక్కుపోయారు. దేశాల మధ్య తిండిగింజలు తిరిగేది ఎక్కువగా సముద్రం మీదే. చాలా దేశాలు తమ రేవుల్లో దిగనివ్వకపోవడంతో 2020లో ఒక దశలో దాదాపు 4 లక్షల మంది నావికులు కాంట్రాక్టు అయిపోయాక కూడా ఓడల్లోనే ఉండిపోయారు. వాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే. వాళ్ల సరుకు దిగింది, వాళ్లు దిగలేదు. తూర్పు ఆఫ్రికాలో కెన్యా, ఉగాండా సరిహద్దు దగ్గర పరీక్షల కోసం లారీలు రోజుల తరబడి బారులు తీరాయి. ఊళ్లలో డ్రైవర్లని చూస్తే రోగం మోసుకొస్తున్నారని తలుపులు వేసుకున్నారు. ఇక్కడ ఒక ముడి ఉంది, దాన్ని మీరు గమనించాలి. దారి పక్కన వండిపెట్టే ఆడవాళ్ల పొయ్యిలు ఆర్పించారు కాబట్టి తిండి మోసుకెళ్లే డ్రైవర్ పస్తులు ఉన్నాడు. ఆమె పని 'అనవసరం' అన్నారు, అతని పని 'అత్యవసరం' అన్నారు. అతని పని ఆమె మీద ఆధారపడి ఉందని ఎవరూ రాసుకోలేదు.

ఇంటి లోపలి పని కూడా ఇంతే. 2020లో బళ్లు మూసేసినప్పుడు ప్రపంచంలో 150 కోట్లకు పైగా విద్యార్థులు ఇంట్లో కూర్చున్నారు. బడిలో భోజనం ఆగిపోయిన పిల్లలు 37 కోట్ల మంది అని ప్రపంచ ఆహార కార్యక్రమం లెక్క. ఆ భోజనం వండే పని పోయింది, ఆ పని చేసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. బడిలో తినే పూట ఇంట్లో వండాలి, ఆ పూటకి సరుకు వెతకాలి. జీతం లేని ఇంటి చాకిరీలో 76 శాతం గంటలు ఆడవాళ్లవే అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లోనే చెప్పింది. ప్యాకింగ్ షెడ్డు తెరిచారు, కానీ బడి తెరవలేదు. ఇంట్లో మూడేళ్ల పిల్ల ఉంటే తల్లి షెడ్డుకి ఎలా వెళ్తుంది? యజమాని రిజిస్టర్‌లో 'స్వచ్ఛందంగా పని మానేసింది' అని రాశారు.

పెరూలో ఒక ప్రయోగం జరిగింది. 2020 ఏప్రిల్‌లో, రద్దీ తగ్గుతుందని, మగవాళ్లు సోమ, బుధ, శుక్రవారాల్లో, ఆడవాళ్లు మంగళ, గురు, శనివారాల్లో మాత్రమే బయటికి రావాలని ఆజ్ఞ ఇచ్చారు. ఆడవాళ్ల రోజుల్లో మార్కెట్లు కిక్కిరిసిపోయాయి. ఇంటికి కావలసిన తిండి కొనేది ఎవరో ఆజ్ఞ రాసినవాళ్లు ఆలోచించలేదు. పది రోజులైనా గడవకముందే ఆ ఆజ్ఞ ఎత్తేశారు. కమిటీ గదిలో రోజూ సంతకి వెళ్లే మనిషి ఒక్కరున్నా మొదటి నిమిషంలోనే చెప్పేవారు. దేశాల్లో ఏర్పాటైన కోవిడ్ టాస్క్‌ఫోర్సుల్లో మహిళల వాటా 24 శాతమే అని ఐక్యరాజ్య సమితి సంస్థలు లెక్క తేల్చాయి. ఆ మహిళల్లో బుట్ట దించుకుని కూరగాయలు అమ్మినవాళ్లు ఎంతమందో మీరే ఊహించుకోండి.

ఫలితం కంచంలో కనిపించింది. ప్రపంచంలో తిండికి భరోసా లేని ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య తేడా 2019లో 1.7 శాతం పాయింట్లు. 2021కి అది 4.3కి చేరింది. ఆ ఏడాది మహిళల్లో 31.9 శాతం, పురుషుల్లో 27.6 శాతం మందికి సరిపడా తిండి దొరుకుతుందన్న నమ్మకం లేదు. గిన్నె అడుగుకి వచ్చినప్పుడు ఎవరు చివర తింటారో మనందరికీ తెలుసు. తిండి పండించి, ఏరి, ఎండబెట్టి, మోసి, అమ్మి, వండిన చేతులవి.

పని ఉన్న రోజుల్లో కూడా సమానంగా లేదు. వ్యవసాయ కూలిలో పురుషుడికి ఒక డాలర్ వస్తే స్త్రీకి 82 సెంట్లే వస్తాయని ఆహార వ్యవసాయ సంస్థ 2023 నివేదికే చెప్పింది. దాచుకోవడానికి తక్కువ ఉన్నవాళ్లే ముందు మునుగుతారు. ఊళ్లలో ఇంకో సంగతి కూడా జరిగింది. పట్నాల్లో పనులు పోయి మగవాళ్లు తిరిగి వచ్చారు, పొలం పనులకి పోటీ పెరిగింది. ఉన్న కాస్త కూలి పని వాళ్లకి దొరికింది. ఆడవాళ్లు కూలి లేని ఇంటి పొలం పనిలోకి జారిపోయారు. మగవాళ్లది తప్పని నేను అనను, వాళ్లకీ గతిలేదు. దీని వెనకే ఇళ్లలో గొడవలు, దెబ్బలు పెరిగాయి. ఆ విషయం మీకు తెలుసు.

మంచిగా జరిగిన చోటు కూడా ఉంది. టోగో దేశం 2020 ఏప్రిల్‌లో 'నోవిస్సీ' అనే నగదు సాయం మొదలుపెట్టింది. ఇంటి పెద్ద ఎవరని అడగలేదు. ఓటరు గుర్తింపు కార్డు ఉన్న అసంఘటిత కార్మికులు ఎవరికి వారు ఫోన్ నుంచి నమోదు చేసుకున్నారు, డబ్బు నేరుగా ఎవరి ఫోన్‌కి వారిదే పడింది. రాజధాని లోమేలో పురుషుడికి నెలకి 10,500 సీఎఫ్‌ఏ ఫ్రాంకులు, మహిళకి 12,250 ఇచ్చారు. టోగో ధనిక దేశం కాదు. మనిషిని మనిషిగా లెక్కపెట్టే జాబితా ఒకటి చేతికందేలా ఉంది, దాన్ని వాడాలన్న ఆలోచన ఎవరికో వచ్చింది. ఆ జాబితా ఉంటేనే ఇది కుదిరింది. మహమ్మారి వచ్చాక జాబితా తయారుచేద్దామంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అది నా కళ్లతో నేను చూశాను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మామూలు రోజుల్లోనే, ఇప్పుడే, ఆహార పనుల్లో ఉన్నవాళ్లని ఇంటి లెక్కన కాకుండా మనిషి లెక్కన నమోదు చేయండి. చేపలు ఎండబెట్టే ఆమె, పాలు పోసే ఆమె, షెడ్డులో పళ్లు ఏరే ఆమె, మూటలు మోసే అతను, లారీ మీద క్లీనర్‌గా వెళ్లే కుర్రాడు, అందరికీ తమ పేరు, తమ పని, తమ ఖాతా ఉండాలి. చేపల రంగంలో పడవ మీదకి వెళ్లేవాళ్లని మాత్రమే మత్స్యకారులని రాసుకుంటే, ఒడ్డున ప్రాసెసింగ్‌లో ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది ఆడవాళ్లన్న సంగతి మీ లెక్కల్లోకి రానే రాదు. భూమి పట్టా ఉన్నవాళ్లనే రైతులని అంటే, పట్టా లేకుండా దుక్కి నుంచి కోత దాకా చేసే ఆడవాళ్లు మాయమైపోతారు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో 2021 నాటికి ఖాతా ఉన్న పురుషులు 74 శాతం, మహిళలు 68 శాతం. ఆ తేడా తగ్గించే పని విపత్తు మధ్యలో కుదరదు.

సంతలు మూసేసే ముందు పెద్ద మైదానాల్లోకి మార్చండి, దూరం దూరంగా కూర్చోబెట్టండి. ఆ స్థలాలు ఏవో ఇప్పుడే గుర్తించి పెట్టుకోండి. మూయక తప్పకపోతే, తెరిచే రోజున మొదటి బుట్ట సరుకుకి సరిపడే డబ్బు వడ్డీ లేకుండా ఇవ్వండి, ఆమె పేరు మీదే ఇవ్వండి. షెడ్డు, కర్మాగారం తెరిస్తే ఆ దగ్గర్లో పిల్లల్ని చూసుకునే చోటు కూడా తెరవండి. అది కూడా ఆహార సరఫరాలో భాగమే. గోడౌన్‌లో, కర్మాగారంలో, పడవలో, లారీలో జ్వరం వచ్చిందని చెప్పినవాడికి ఆ రోజు కూలి పోకూడదు, కాంట్రాక్టర్ కింద పనిచేసేవాడైనా సరే. ఇది రాసిపెట్టకపోతే మగవాళ్లు జ్వరం దాచుకుంటూనే ఉంటారు, రోగం వాళ్లతో పాటు ఇంటికి వెళ్తుంది. ఆడవాళ్ల ముఖానికి సరిపడే మాస్కులు, చేతులకి సరిపడే గ్లవ్స్ తెప్పించండి. మగవాళ్ల కొలతలతో చేసినవి జారిపోతుంటే వాటి వల్ల ప్రయోజనం లేదు.

ఇదంతా దూరపు మాట అనుకోకండి. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. తర్వాత పాలు పితికేవాళ్లకి, కోళ్ల షెడ్లలో పనిచేసేవాళ్లకి కూడా సోకింది. తర్వాతిది ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలియకపోయినా, మొదట తగిలేవాళ్లలో తిండి పనిలో ఉన్నవాళ్లు ఉండే అవకాశం చాలా ఉంది.

మార్కెట్ తెరిచిన రోజు నేను అటు వెళ్లాను. ఆ కూరగాయల ఆవిడ గేటు పక్కన ఖాళీ బుట్టతో కూర్చుని ఉంది. తన చోటులో వేరే ఎవరో కూర్చున్నారు. నన్ను గుర్తుపట్టింది. "నా పని రాసుకున్నారా ఇప్పుడైనా?" అని అడిగింది. నా దగ్గర కొత్త కాగితం లేదు, పాతదే ఉంది.

వచ్చేసారి అలాంటి బల్ల దగ్గర ఇంకెవరో కూర్చుంటారు. వాళ్ల చేతికి ఇచ్చే కాగితంలో ప్రతి మనిషికీ ఒక వరుస, ఆ వరుసలో 'పని' అనే గడి ఉండేలా ఈ ఏడాదే అచ్చు వేయించండి.

ఇట్లు,
2020లో ఆ జాబితాలు రాసిన ఒక చిన్న ఉద్యోగి